ఆకుపచ్చ నల్లబల్ల

మా బడి వెబ్‌సైట్‌లో ఆకుపచ్చ పోయిన రోజున నేను స్టాఫ్ రూములో ఉన్నాను. తెరిచిన పేజీలో శీర్షికలన్నీ నల్లగా, బోసిగా ఉన్నాయి. ఆ రంగు మా తమ్ముడు వేసింది. వాడు పోయి నెల దాటింది. వాడి చేతి పని ఇక ఎక్కడా మిగలదేమోనన్న భయంతో మరదలికి ఫోన్ చేశాను.

"నేనే తీశాను వదినా," అంది తాపీగా. "సాయంత్రం మీ ఇంటికొస్తా. ముందు టీ పెట్టండి, తిట్టడం తర్వాత."

సైటు ఫోన్లలో సరిగా కనబడటం లేదు. అక్షరాలు తెర దాటి పోతున్నాయి. సోమవారానికి బాగుపడకపోతే పాతదంతా తీసేసి బయటి కంపెనీకి ఇచ్చేస్తామన్నారు హెడ్ మేడమ్. బాగుచేసే పని ఆవిడే మరదలికి అప్పగించారట. నాకు ఆ పని రాదు. అయినా మరదలు ముందు నాతో ఒక్క మాట అనలేదని లోపల ముల్లు.

మరదలు వచ్చి తమ్ముడి కుర్చీలోనే కూర్చుంది. వాడు సాయంత్రాలు ఆ కుర్చీలో కూర్చుని ఒక్కో పేజీ తెరిచి రంగులు సరిచేసేవాడు. ఎదురుగా నేను పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఇంట్లో ఇంకో కుర్చీ లేనట్టు తను అందులోనే కూర్చోవాలా?

"అసలేం చేస్తున్నావు?" అన్నాను.

"ఆయన ప్రతి పేజీలో, ప్రతి శీర్షిక పక్కనా రంగూ సైజూ విడిగా రాశారు. అవన్నీ తీసేసి ఒకే ఫైల్లో పెడుతున్నా. స్టైల్ షీట్ అంటారు. పేజీలో మాటలుంటాయి, అవి ఎలా కనబడాలో ఈ ఫైలు చెబుతుంది. ఇక్కడ ఒక్కచోట మారిస్తే అన్ని పేజీలూ మారతాయి. ఫోన్ల కొలతలూ ఇక్కడే రాయొచ్చు."

"అంటే వాడికి పని రాదంటావు."

"అబ్బ! టీచర్లతో ఇదే గొడవ. రాయని తప్పు కూడా దిద్దేస్తారు."

నాకు నవ్వు రాలేదు.

"ఒకటి చెప్పండి. ఆకుపచ్చ పేజీకో రకంగా ఉంది. అసలుది ఏది?"

వాడి గురించి తనకు తెలియనిది నా దగ్గర ఒకటుంది. వెంటనే చెప్పబుద్ధి కాలేదు. లేచి వెళ్లి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను.

"మీకు తెలుసు," అంది వెనక నుంచి. "దాచుకోండి, దాచుకోండి. నాకేం, నలుపే ఉంచేస్తా."

"నా తరగతిలో బోర్డు రంగు," అన్నాను. "నల్లబల్ల అంటాం గానీ అది ఆకుపచ్చదే. చిన్నప్పుడు వాడు నా దగ్గరే చదివాడు. గుర్తు మీద కలిపేవాడు, ఒక్కోసారి ఒక్కోలా కుదిరేది."

నా ఫోనులో ఉన్న తరగతి ఫోటోలోంచి రంగు తీసుకుని ఒక్క వరుస రాసింది. తను కలిపిన పేజీల్లో శీర్షికలన్నీ ఆకుపచ్చగా మారాయి. ఇంకో అంకె మార్చి, "ఇది మీ కళ్లద్దాల కోసం," అంది. అక్షరాలన్నీ పెద్దవయ్యాయి. ఫోనులోనూ తెర దాటకుండా ఒద్దికగా నిలిచాయి. వాడు సాయంత్రాల తరబడి చేసింది తను టీ చల్లారేలోగా చేసేసింది. ఒళ్లు మండింది.

"ఇది వాడికి తెలిసుంటే ఎంత శ్రమ తప్పేదో," అన్నాను.

మరదలు తెర మీంచి కళ్లెత్తలేదు. "నాకు నేర్పిందే ఆయన వదినా. మా షాపు సైటు ఇలాగే చేశారు, ఒక్క పూటలో. మీ బడిది మాత్రం చేత్తోనే రాసేవారు. ఎందుకండీ ఈ చాకిరీ అంటే, అక్క దగ్గరికి వెళ్లడానికి ఏదో పనుండాలిగా అనేవారు. ఆ సాయంత్రాల మీద నాకెంత కుళ్లుగా ఉండేదో మీకేం తెలుసు."

చల్లారిన టీ తీసుకెళ్లి వెచ్చబెట్టి తెచ్చాను.

తను ఇంకా చెయ్యి పెట్టని పేజీ ఒకటే మిగిలింది. అది నా తరగతిది.

"దీన్నీ కలిపేయనా?"

"రేపు సాయంత్రం వచ్చినప్పుడు చూద్దాంలే," అన్నాను.

సోమవారం హెడ్ మేడమ్ చూసి, ఈ సైటే ఉంచుదామన్నారు. నా తరగతి పేజీని ఇంకా స్టైల్ షీట్‌కు కలపలేదు. ఫోనులో దాని అక్షరాలు ఇప్పటికీ తెర దాటి పోతున్నాయి.