తోడల్లుడి రివ్యూ

మా బోర్డుల దుకాణానికి వెబ్‌సైటు చేసిపెట్టింది మా బావమరిది. ఎదురు దుకాణానికీ వాడే చేశాడు. అదీ బోర్డుల దుకాణమే, మా తోడల్లుడిది. ఇద్దరం బావలమే కాబట్టి ఇద్దరికీ ఒకే అతుకుల బొంత కప్పాడు.

ఊళ్ళో కొత్తగా ఆసుపత్రి పెడుతున్న డాక్టరమ్మ, ఆ రోజు మధ్యాహ్నం మా పేజీ చూస్తానని ముందే చెప్పింది. అందులో గదులన్నిటికీ బోర్డులు రాయాలి. ఆ పని దొరక్కపోతే నేను షట్టర్ దించుకోవడమే. తీరా పొద్దున్నే తెరిచి చూస్తే, మా పేజీ ఇలా మెరిసి అలా మాయమై, ఎదురు దుకాణం పేజీ ప్రత్యక్షమైంది.

"ఒరేయ్, నా పేజీ వాళ్ళింటికి పోతోందిరా!" అని ఫోనులో అరిచాను.

బావమరిది వచ్చి, కాసేపు కెలికి, నాలుక కరుచుకున్నాడు.

"రివ్యూ పెట్టెలో ఎవరో ఐదు నక్షత్రాలు నొక్కి, కింద మాటలు రాయలేదు బావా, ఆజ్ఞ రాశారు. ఈ < > కోణం గుర్తులు చూశావా? వీటి మధ్య రాసింది బ్రౌజరు చూపించి ఊరుకోదు, చేసేస్తుంది. వచ్చినవాళ్ళని ఆ అడ్రసుకి తోలెయ్యమని రాశారు."

"ఎవరో ఏంట్రా? అడ్రసు ఎవరిదో కనబడట్లా?"

"పెద్దబావకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?"

"నువ్వే నేర్పుంటావు."

వాడు గోడకేసి చూశాడు. "ఏదో... మాటల్లో మాటగా చెప్పా. సరేలే, ఆ గుర్తులు మార్చేస్తా. ఇక ఎవరేం రాసినా ఉత్త అక్షరాల్లా కనబడుతుంది, పని చెయ్యదు. ఈ రివ్యూ కూడా పీకేస్తా."

"గుర్తులు మార్చు. రివ్యూ జోలికెళ్ళావంటే ఊరుకోను."

మళ్ళీ తెరిచాం. పేజీ కదల్లేదు. తోడల్లుడి ఆజ్ఞ మాత్రం కోరలు పీకిన పాములా, అడ్రసుతో సహా, అందరికీ కనబడేలా పడుకుని ఉంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను చేసింది.

"మీ పేజీలో ఆ వింత రాత ఏంటండీ? మా కంప్యూటర్లు చూసే ఆయన నవ్వాపుకోలేకపోతున్నాడు. మమ్మల్ని వేరే షాపుకి తోసెయ్యాలనట కదా?"

"మా తోడల్లుడి ప్రేమండీ."

"రేటు తక్కువని ఆయనకే ఇద్దామనుకున్నాం. ఇలాంటి మనిషైతే ఆపరేషన్ గదికి క్యాంటీన్ అని రాసిపోతాడు. మీరే వచ్చి కొలతలు తీసుకోండి."

టేపు పట్టుకుని బయల్దేరుతుంటే తోడల్లుడు రోడ్డు దాటొచ్చాడు.

"తమ్ముడూ, ఏదో సరదాకి... అది తీయించెయ్యి. నలుగురూ చూస్తే పరువు పోతుంది."

"అదెలా అన్నయ్యా? మా దుకాణానికి ఐదు నక్షత్రాలు ఇచ్చింది నువ్వొక్కడివే."