గేటు మీద మాట

నరీన్ నది పొంగి కింది వంతెన కొట్టుకుపోయిన ఏడాదికి అది మూడో ఏడు. గొర్రెల ఉన్ని కత్తిరించే కాలం. బురుల్ రెల్లు చాప మీద తెల్ల ఉన్ని పరిచి వేడినీళ్ళు చల్లుతోంది. ఆవిరి కమ్మేసింది. ఆ తెల్లదనంలోంచి ఉన్ని చెప్పులు చేసే కంపెనీ యజమానురాలు గుల్‌జాదా గొంతు వినబడింది గానీ మనిషి కనబడలేదు.

"బురుల్ అక్కా, గేటు మీదికి పెద్ద తివాచీ ఒకటి కావాలి. 'మా కంపెనీ ఆడపిల్లల పక్షం' అని అక్షరాలు కత్తిరించి కుట్టాలి."

ఆడపిల్లల్ని ఎత్తుకెళ్ళి పెళ్ళాడేవాళ్ళకి జైలు పెంచాలా వద్దా అని రాజధానిలో వాదులాడుకుంటున్న రోజులవి. ఊరకుంటే అదీ ఒక పక్షం తీసుకున్నట్టేనంది గుల్‌జాదా. మరి మనకి ఉన్ని ఇచ్చే గొర్రెలవాళ్ళ మాటేమిటని పనివాళ్ళలో ఒకామె అడిగింది. వాళ్ళలో సగంమంది పెళ్ళాలు అలా వచ్చినవాళ్ళే. ఉన్ని ఆగితే కంపెనీ మూతపడుతుంది, ఇక్కడ పనిచేసే పదకొండుమంది ఆడవాళ్ళూ మళ్ళీ ఇంటి పొయ్యి దగ్గరికే. తెలుసు, అయినా సరే అంది గుల్‌జాదా.

బురుల్ చాప చుట్టి, లోపలి ఉన్ని గట్టి పలకలా అణిగేలా మోచేతులతో దొర్లించడం మొదలుపెట్టింది. దొర్లిస్తుంటే ఎప్పుడూ అంతే, ఒళ్ళు ఇక్కడుంటుంది, మనసు ఎటో పోతుంది. కంపెనీకి తల లేదు కదా, దాని మీద ఎవరూ పెళ్ళయిపోయిందనే తెల్ల గుడ్డ కప్పలేరు అనుకుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు రొట్టె కొనడానికని బయటికొచ్చింది. లాక్కెళ్ళి పడేసిన కారులో ఆపిల్ పళ్ళ వాసన. తర్వాత ఎవరిదో ఇల్లు, నలుగురు ఆడవాళ్ళ చేతులు. తోసుకుని గుమ్మం దాకా వెళితే, ఆ ఇంటి ముసలమ్మ గడపకి అడ్డంగా పడుకుంది. పెద్దావిడని దాటి వెళ్ళిన పిల్ల బతుకు బాగుపడదని నమ్మే ఊరు. ఆ ముసలమ్మ పగిలిన మడమల్ని చూస్తూ పొద్దు వాలేదాకా నిలబడి, ఆఖరికి కూలబడింది. తల మీద గుడ్డ కడుతూ ఆ ముసలమ్మ కోడలు, ఇక నుంచి తనకి అత్త, అంది, "ఏడుపెందుకే? నన్ను మాత్రం అడిగారా?" ఇరవై రెండేళ్ళు. ఆవులు, పేడ, పిల్లలు, టీ. కోడలు పొయ్యి పక్కనే కూర్చుని ఒక్కొక్కరికీ సగం గిన్నె పోయాలి. నిండుగా పోస్తే తాగి లేవమన్నట్టు. సగం పోస్తే మళ్ళీ మళ్ళీ పోయాలి, దానికే మర్యాదని పేరు. "నీ అదృష్టం, నేను నీ మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు" అంటాడు మొగుడు తాబల్దీ, ఏదో కానుక ఇస్తున్నవాడిలా. నిజమే, ఎత్తలేదు. ఆ నిజాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ ఆమెకి తెలియలేదు.

గేటు సంగతి విని తాబల్దీ నవ్వాడు. అతనూ కంపెనీకి ఉన్ని ఇచ్చే గొర్రెలవాడే. "చెప్పులు చేసే కంపెనీకి చట్టాలతో ఏం పని? రేపు మా ఇళ్ళల్లో కోడళ్ళు ఎలా వచ్చారో కూడా మీ గుల్‌జాదాయే చెబుతుందా?" ఆ ప్రశ్న తనదీ అనిపించింది బురుల్‌కి. గేటు మీద మాట కంపెనీది. దాన్ని ఇంటికి మోసుకొచ్చేది తను.

మర్నాడు ఎర్ర ఉన్ని పలక మీద తెల్ల ఉన్ని పలక పెట్టి, సుద్దతో గీసి, రెండింటినీ ఒకేసారి కోసింది. ఇక్కడి పద్ధతి అదే. తెల్లదాంట్లోంచి తీసిన అక్షరం ఎర్రదాంట్లో కూర్చుంటుంది, ఎర్రది తెల్లదాంట్లో. ఒకటి చెయ్యబోతే రెండు తయారవుతాయి. కుట్టు అయ్యాక గుల్‌జాదా వచ్చి చదివింది.

నన్ను అడగలేదు.

"ఇది కంపెనీ మాట కాదక్కా."

"కాదు. నాది. కంపెనీకి ఇష్టమైతే దీని కింద నిలబడమను."

గుల్‌జాదా నిచ్చెన తెమ్మంది.

రెండోదాన్ని బురుల్ ఇంటికి తెచ్చి, అతిథుల్ని కూర్చోబెట్టే చోట పరిచింది. తాబల్దీ రెండుసార్లు చదువుకున్నాడు. దాని మీద కూర్చోలేదు, గోడ పక్కకి జరిగాడు. అత్త వంగి అక్షరాల మీద అరచెయ్యి వేసి అలాగే ఉండిపోయింది, లోపల ఏదో కదులుతుందేమోనని చూస్తున్నట్టు. ఆ సాయంత్రం బురుల్ అందరికీ టీ గిన్నెలు నిండా పోసి, తనూ ఒకటి నింపుకుని కూర్చుంది. గిన్నెలన్నీ ఖాళీ అయ్యాయి.

గొర్రెలవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఆ గేటు లోపలికి ఒక్క ఉన్ని పోచ పోకూడదని కూడబలుక్కున్నారు. ఆ కూటంలో తాబల్దీ కూడా తల ఊపాడని పక్కింటామె చెప్పింది. తొమ్మిది రోజులు ఉన్ని రాలేదు. పదో రోజు ఆఖరి మూట విప్పారు. తివాచీ దించేద్దామా అని గుల్‌జాదా పదకొండుమందినీ అడిగింది. మిగతావాళ్ళు బురుల్ వైపు చూశారు. బురుల్ చాప దులిపి, చుట్టి, గోడకి ఆనించింది.

"ఉండనీ" అంది.

మరుసటి పొద్దున తాబల్దీ గుర్రం మీద నాలుగు మూటల ఉన్ని వేసుకుని, తోటి గొర్రెలవాళ్ళు చూస్తుండగా బజారు నడిమధ్యలోంచి నడిపించుకొచ్చాడు. గేటు బయటే ఆగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బురుల్ వచ్చేదాకా నిలబడి, అడిగాడు.

"మూటలు దించమంటావా?"