తుపాకి మేర

దేవుడున్నాడా అన్న సందేహం దశరథానికి ఎన్నడూ రాలేదు. రాఘవేందర్ పటేలు తుపాకి పేలుతుందా అన్న సందేహం మాత్రం ఏళ్ల తరబడి ఉంది. దేవుడి మహిమ అప్పుడప్పుడైనా కనబడేది. బోరులో నీళ్లు పడ్డాయి, బిడ్డకు జ్వరం దిగింది. తుపాకి మహిమను ఊళ్లో చూసినవాళ్లు లేరు, విన్నవాళ్లూ లేరు. అయినా మొక్కు చెల్లించినట్టు దానికి ఏటా మేర చెల్లుతూనే ఉంది.

ఖిల్లా ఘణపూర్ గుట్టల కిందున్న ఆ ఊళ్లో పంట కల్లానికి రాగానే కమ్మరికి, కర్రపని చేసే వడ్లాయనకు, చాకలికి వాళ్లు చేసిన పనికి ఇంతని కొలిచి ఇస్తారు. అదే మేర. వెనకొక ఏడు అడవిపందులు పల్లిచేన్ల మీద పడ్డప్పుడు, తండ్రి తర్వాత తన పేరు మీదికి వచ్చిన లైసెన్సు రివాల్వర్‌ను నడుముకు పెట్టుకుని రాఘవేందర్ పంచాయతీ ముందు నిలబడ్డాడు.

"నేనుండంగ పందులేంది? ఎవ్వలు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు.

ఆ ఒక్క మాటకే జనం పొంగిపోయి ఇంటికో గంపెడు పల్లికాయ తుపాకి మేరగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పందులు ఒప్పుకోలేదు.

ఓ ఏడు తూటాలు దొరకలేదన్నాడు. ఓ ఏడు ఎలక్షన్లని తుపాకిని ఠాణాలో అప్పజెప్పాల్సి వచ్చింది. ఇంకో ఏడు శ్రావణమాసంలో జీవహింస తగదన్నాడు. పల్లి పీకేది మాఘంలో కదా అని అడగడానికి దశరథానికి నోరు రాలేదు.

ఈ ఏడు దశరథం గుట్ట అంచున రెండెకరాలు కౌలుకు పట్టి పల్లి వేశాడు. కాయ పట్టగానే పందులు దిగి ఓ మూలంతా తవ్విపోశాయి. మిగిలింది కూడా పోతే కౌలు కట్టలేడు, వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరిది అవుతుంది. తవ్విన మట్టి ముందు నిలబడి ఆయన చేతులు జోడించాడు. వరాహమూర్తి భూమిని ఒక్కసారే ఎత్తాడు. ఇవి రోజూ ఎత్తుతున్నాయి. దండం ఎవరికి పెట్టాలో ఆయనకు తేలలేదు.

"గుడి సుట్టు తిరిగినట్టు గట్టు సుట్టు తిరుగుతవేందయ్యా?" అంది పెండ్లాం భాగ్యమ్మ. "మేర దిన్న తుపాకి యాడ పన్నదో అడిగి రాపో."

దశరథం వెళ్లేసరికి రాఘవేందర్ అరుగు మీద కూర్చుని ఫోన్లో వీడియో చూస్తున్నాడు.

"మంచిగ వచ్చినవ్ దశరథం. ఈసారి పందుల పని ఖతం. ఒక్కటే అడ్డం. ఈ పిస్తోలు పేలిస్తే తంతది. మణికట్టు పోతది. అందుకే దీనికి బ్రేక్ పెట్టిస్తున్న."

"తుపాకులకు గూడ బ్రేకులుంటయా పటేలా?"

"గొట్టం మూతికి బిగిస్తరు. పేలినప్పుడు గాలి బొక్కలల్లకెల్లి పక్కకు పోతది. తన్నుడు తగ్గుతది."

"ఇప్పటిదాక ఎన్నిసార్లు తన్నింది?"

"తన్నేదాక ఆగుతరా ఎవలన్న?"

రాఘవేందర్ ఫోన్లో మూడు బొమ్మలు చూపించాడు. ఒకదానికి బొక్కలు పైన ఉన్నాయి. దాంతో చెయ్యి పైకి ఎగరదు గాని మంట కళ్ల ముందుకు వస్తుంది. రెండోదానికి పక్కలకు ఉన్నాయి. దాంతో దెబ్బ బాగా తగ్గుతుంది గాని, పక్కనున్నవాళ్ల చెవులు గళ్లుమంటాయి.

"పక్కన ఉండేది నేనే గద పటేలా."

"అందుకే గద నిన్ను అడుగుతున్న."

మూడోదాంట్లో ఏముందో రాఘవేందర్ చూడలేదు. అది రెండు రంగుల్లో దొరుకుతుందన్నది మాత్రం చూశాడు.

"నల్లదా, వెండిరంగుదా? ఏది మంచిగుంటది?"

"పందులు చీకట్ల వస్తయ్ పటేలా."

"ఫోటో పగటీలి దిగుతం గదా!"

చివరికి వెండిరంగు ఖాయం చేసి, పట్నంలో తుపాకులమ్మే దుకాణానికి వీడియో కాల్ చేశాడు. అవతల మనిషి ఓపికగా విన్నాడు.

"సార్, అనుమతి లేకుండా లైసెన్సు ఆయుధానికి ఏదీ బిగించకూడదు. పైగా రివాల్వర్‌తో వేటాడనివ్వరు. పందుల కోసం ప్రభుత్వం గుర్తించిన వేటగాళ్లు ఉంటారు. పంచాయతీ తీర్మానం చేసి పంపితే వాళ్లే వస్తారు."

దశరథం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్లూ ఏ సర్పంచి వచ్చినా, నేనుండంగ బయటోళ్లెందుకని అన్నది రాఘవేందరే.

"గవన్ని తర్వాత" అన్నాడు రాఘవేందర్. "ముందు దీనికి ఏది పడుతదో చెప్పు."

"సరే, తూటాలు తీసేసి చూపించండి. గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందా?"

రాఘవేందర్ భార్య సుమన దేవుడి గదిలోంచి పసుపుగుడ్డలో చుట్టిన మూటను తెచ్చి విప్పింది. లోపలి వస్తువు జాతర నుంచి దిగివచ్చినట్టుంది. ఏటా దసరా ఆయుధపూజకు పట్టించిన పసుపు, కుంకుమ, మీద పోసిన కొబ్బరినీళ్లు పొరలు పొరలుగా ఎండి గట్టిపడ్డాయి. తూటాలు పెట్టే చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. గొట్టం మూతి కుంకుమతో పూడిపోయింది. వెలుతురు సంగతి అలా ఉంచి, చీమ దూరే సందు కూడా లేదు.

దుకాణం మనిషి ఫోన్‌కు దగ్గరగా వంగి చూశాడు.

"సార్, శుభ్రం చేసి ఎన్నాళ్లయింది?"

రాఘవేందర్ భార్య వైపు ఉరిమి చూశాడు.

"నన్ను జూస్తరేంది?" అంది సుమన. "పెట్టిన బొట్టు తుడిస్తే లచ్చిమి పోతదన్నది మీరే గద!"

"దీనికి బ్రేక్ అవసరం లేదు సార్" అన్నాడు దుకాణం మనిషి. "మీరు ఎప్పుడో పెట్టేసుకున్నారు. తూటా మాత్రం దగ్గరికి రానివ్వకండి."

దశరథం నవ్వలేదు. కుంకుమ కనబడింది కాబట్టి ముందు దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు.

"పటేలా, కొలిమి ముట్టియ్యని ఏడు కమ్మరి మేరకు రాడు. మరి ఇన్నేండ్లు మేమిచ్చింది దేనికంటరు?"

"గంపెడు కాయకు గింత పంచాదా?"

"పంచాది గాదు పటేలా, తెల్వక అడుగుతున్న. దేవునికిచ్చినమంటే పుణ్యమన్న వస్తది. కావలికి ఇచ్చినమంటే చేను మిగలాలె. నాకు రెండూ రాకపాయె."

రాఘవేందర్ తుపాకిని మళ్లీ పసుపుగుడ్డలో చుట్టబోయాడు. సుమన ఆ గుడ్డ లాక్కుంది.

"తుపాకి పేలకుంటే ఏమాయె? మీ నోరు మంచిగనే పేలుతది. పోయి ఆయన చేన్ల అరవుండ్రి జర."

ఆ పూటే ఇద్దరూ సర్పంచి దగ్గరికి పోయారు. తీర్మానం రాయించి పంపారు. వేటగాళ్లు వచ్చేదాకా దశరథం చేనికి కావలి రాఘవేందర్‌దని సర్పంచి ముందే మాటయింది.

మొదటి రోజు పొద్దుగూకేవేళకు పటేలు తెల్లచొక్కా, మడతకుర్చీ, దోమలబత్తితో మంచె దగ్గరికి వచ్చాడు. చేతికి సుమన ఇచ్చిన స్టీలు తాంబాళం, గరిటె. మొదట హారతిగంట వాయించినట్టు సుతారంగా కొట్టాడు. గట్టు అవతల గుర్రుమన్న చప్పుడు వినగానే కుర్చీ మీదికెక్కి వేసిన కేక ఊరిదాకా వినబడింది. పటేలున్నాడన్న సంగతి పందులకు ఇన్నేళ్లకు తెలిసింది.

వేటగాళ్ల జీపు వచ్చే రోజు తెల్లవారగానే దశరథం, భాగ్యమ్మ జొన్నరొట్టె పట్టుకుని చేనికి వెళ్లారు. తడిమట్టిలో పందుల అడుగులు గట్టుదాకా వచ్చి వెనక్కి తిరిగాయి. పల్లిచెట్లు మంచు కింద నిమ్మళంగా నిలబడి ఉన్నాయి. రాఘవేందర్ గొంతు పూర్తిగా పోయింది. సొట్టలు పడ్డ తాంబాళం ఒళ్లో పెట్టుకుని, వాచిన మణికట్టును నిమురుకుంటున్నాడు.

భాగ్యమ్మ రొట్టె ఆయన చేతిలో పెట్టింది.

"ఇగ నేను పోవచ్చునా?" అన్నాడాయన, గాలి తప్ప మాట రాని గొంతుతో.

దశరథం తొందరపడలేదు. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, సాళ్లు చూసి వచ్చాడు.

"పోయిరాండ్రి పటేలా" అన్నాడు. "మేర ముట్టింది."