తెర మీద ప్రిస్కిల్లా పేరు

తన పాటల సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించమని జ్ఞానప్రకాశం మాస్టారు కూతురు రూబీని నెల్లాళ్లుగా పోరుతున్నాడు. రాజమండ్రిలో ముప్ఫయ్యేళ్లు బడిపంతులుగా, అంతకాలమూ చర్చిలో పాటలు పాడే క్వయర్‌కి పెద్దగా ఉన్న మనిషాయన. పద్దెనిమిదేళ్ల కిందట తొమ్మిది పాటలు తానే కట్టి, రికార్డు చేయించి, రెండొందల సీడీలు వేయించాడు. ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే.

ఆదివారం ఆరాధన అయ్యాక రూబీ ఎవరినో అడిగి సీడీ డ్రైవ్ తెచ్చి ల్యాప్‌టాప్‌కి తగిలించింది. సీడీ గిర్రున తిరిగింది. తొమ్మిది పాటల పేర్లూ వాటంతటవే తెర మీదికొచ్చాయి. పక్కన గాయకుల గడిలో అన్నింటికీ ఒకే పేరు: ప్రిస్కిల్లా.

"నువ్వు కొట్టావేంటే?" అన్నాడు మాస్టారు.

"నేనేం కొట్టలేదు డాడీ. నెట్‌లోంచి అదే తెచ్చుకుంది. ఎవరో ముందే ఈ సీడీ ఎక్కించి, పేర్లు రాసి పంపారు. ఇంకెవరు పెట్టినా ఇవే కనబడతాయి."

ఆయన మొహం మాడిపోయింది. ప్రిస్కిల్లా ఒకప్పుడు ఆయన దగ్గరే పాట నేర్చుకుంది. సీడీ వచ్చిన నాలుగు నెలలకి చెప్పాపెట్టకుండా క్వయర్ మానేసింది. ఇప్పుడు కడియంలో భర్తతో కలిసి మొక్కల నర్సరీ నడుపుతోంది. కిందటి క్రిస్మస్‌కి ఆయన కడియం వెళ్లినప్పుడు అక్కడెవరో ఆమెతో "మీ పాట బాగుందమ్మా" అంటే నవ్వి ఊరుకుంది. అప్పుడది మామూలుగానే అనిపించింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వులో ఏదో ఉంది.

రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

"చూశావా? తప్పు చేసింది కాబట్టే ఎత్తట్లేదు," అన్నాడు భార్యతో.

"పనిలో ఉందేమోనండి. అడక్కుండానే దొంగని చేసేస్తారా?" అంది సంపూర్ణమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి కడియం వెళ్లాడు. ప్రిస్కిల్లా లారీలోకి మామిడి అంటుమొక్కలు ఎక్కిస్తోంది. ఆయన్ని చూసి మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, మీరేంటి ఇలా?"

"నా పాటలన్నీ నీ పేరున రాసుకున్నావంట గదా!"

ఆమె తెల్లబోయింది. ఆయన కోపంగా అంతా చెప్పాక గుర్తు తెచ్చుకుంది.

"మా పెద్దాడు పుట్టిన ఏడు కంప్యూటర్ కొన్నామండి. మొదట ఎక్కించింది మీ సీడీయే. పాటల పేర్లు అట్ట మీద చూసి కొట్టాను. తర్వాత ఇంకో గడి ఖాళీగా కనబడింది. పుస్తకం మీద పేరు రాసుకుంటాం చూడండి, అలా అనుకుని నా పేరు రాశాను. నెట్‌లోకి పంపమంటారా అని కంప్యూటర్ అడిగితే సరే అని నొక్కేశాను."

"నమ్మమంటావా?"

"మీ ఇష్టమండి." ఆమె గొంతు మారింది. "కానీ మాస్టారూ, మూడో పాట, ఏడో పాట పాడిందెవరండి?"

మాస్టారు చూపు లారీ వైపు తిప్పుకున్నాడు.

"నేనే గదండీ. అట్ట మీద 'గానం: జ్ఞానప్రకాశం' అని ఒక్కటే వేయించారు. మా అమ్మ పది సీడీలు కొని చుట్టాలకి పంచింది. అట్ట మీద నీ కూతురి పేరేదమ్మా అని ఒక్కొక్కరే ఆవిణ్ణి అడిగారు. అందుకే మానేశాను. ఎందుకు మానేశావని మీరెప్పుడూ అడగలేదు."

లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. "వస్తానండి," అని ఆమె వెళ్లిపోయింది. కూర్చోమనలేదు, మంచినీళ్లూ ఇవ్వలేదు. గోదావరి డెల్టాలో కోపం తెలియడానికి అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

ఇంటికొచ్చాక రూబీ అడిగింది, "అన్నింటికీ నీ పేరు పెట్టి పంపెయ్యనా డాడీ?"

"ఏడింటికి మార్చు. మూడో పాటకీ ఏడో పాటకీ ఆ పేరే ఉండనీ."

సంపూర్ణమ్మ వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ పనిలో పడింది.

ఆ వారమే ఆయన ప్రిస్కిల్లాకి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తింది. తప్పు నాదేనమ్మా అన్నాడు. "సరేనండి" అందామె, అంతే. ఆ గడిలో పేరు తెలియకే రాసిందో, తెలిసే రాసిందో మాత్రం ఆయన మళ్లీ అడగలేదు. ఆ అనుమానం ఇంకా పూర్తిగా పోనూ లేదు.