రాశి పక్కన దిగిన సిపాయి

శ్రీలంకకు పోయిన పటాలంలోంచి కదిరప్ప రెండు కాళ్లతోనే తిరిగొచ్చాడు. అతని ముందు నడిచిన స్నేహితుడు మాత్రం మందుపాతర మీద కాలుపెట్టి, కళ్లముందే లేకుండా పోయాడు. అప్పటినుంచి కదిరప్పకు మట్టి అంటే భయం. తారురోడ్డు మీద, బండల మీద బాగానే నడిచేవాడు. దున్నిన చేను కనబడితే చాలు, కాళ్లు కొయ్యబారిపోయేవి. గడప దాటితే బూట్లు విప్పేవాడు కాదు.

రైతు బిడ్డకు ఇంతకంటే పాడు రోగం ఉంటుందా? నాగలమడిక దగ్గర చెరువుకట్ట కింద వాళ్లకున్న వేరుశనగ చేను భార్య ఆంజినమ్మ, తల్లి మారక్కల రెక్కల మీదే నడిచేది. ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా? "తుపాకి పట్టినోనికి గుంటక తోలేకి చేతగాదంట" అని అంగడి దగ్గర నవ్వుకున్నారు. ఆ మాట చెవినపడ్డ రోజు ఆంజినమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. కదిరప్ప గదిలోంచి విన్నాడు.

ఆ కార్తీకంలో బెంగళూరు నుంచి జీపొకటి వచ్చింది. యుద్ధాల్లో, ప్రమాదాల్లో మనసు చెదిరినవాళ్లను పారాచూట్ కట్టి గాల్లోకి ఎగరేసే ధర్మసంఘమట. దాని పెద్ద బెళ్ళియప్ప అనే రిటైరైన మేజరు. నెర్రెలు బారిన చెరువును చూసి ఆయన మురిసిపోయాడు. చెరువు ఎండినందుకు సంతోషించిన మనిషిని మా ఊరివాళ్లు చూడడం అదే మొదలు.

"జీపుకు తాడు కట్టి లాగుతాం. పైకి లేచినాక జెండా ఊపుతాం. అప్పుడు నువ్వు తాడు వదిలితే మెల్లగా దిగుతావు" అన్నాడు మేజరు, వచ్చీరాని తెలుగులో.

"దిగేది యాడ సార్?"

"చెరువులోనే. గట్టి నేల. పొద్దున్నుంచి అంతా మేమే తిరిగినాం."

కదిరప్ప ఒప్పుకున్నాడు. ధైర్యం వచ్చి కాదు, పెళ్లాం ఏడుపు మళ్లీ వినలేక.

జీపు కదిలింది, కదిరప్ప లేచాడు. కాళ్ల కింద నేల లేదు. లేని నేలకు భయపడేదేముంది? గుండెనిండా గాలి పీల్చి, ఎన్నాళ్లకో నవ్వాడు కూడా. కింద మేజరు చెయ్యి పడిపోయేలా జెండా ఊపుతున్నాడు. మనవాడికి దిగబుద్ధయితే కదా! జీపు చెరువు చివరికొచ్చి ఆగబోతుండగా తాడు వదిలాడు. అప్పటికే గాలి తిరిగింది. పారాచూట్ అతన్ని కట్ట దాటించింది.

కింద వాళ్ల చేనే. పెళ్లగించిన మట్టి. "వద్దు, వద్దు" అని అరిచాడు. కళ్లు గట్టిగా మూసుకుని దభీమని పడ్డాడు. ఏమీ పేలలేదు. తెరిచి చూస్తే పక్కనే పసుపు చల్లిన కాయల రాశి.

మారక్క చేట పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కొడుకు ఆకాశంలోంచి ఊడిపడ్డ సంగతి ఆమెకు తర్వాత.

"ఒరే కదిరా! లచ్చుమమ్మ ఉండే తావుకు బూట్లేసుకొని వస్తివేందిరా? ఇప్పు ముందు!"

రాశి దగ్గరికి చెప్పులతో పోతే వీపు విమానం మోత మోగిన ఇల్లు వాళ్లది. "ఇప్పుతాండానమ్మా" అంటూ కదిరప్ప గబగబా దారాలు లాగి, బూట్లు అవతల పారేసి లేచి నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, ఉత్తకాళ్లతో మట్టిలో ఉన్నానని.

మారక్కకూ కొడుకు భయం అప్పుడే గుర్తొచ్చింది. చేట జారవిడిచి "నాయనా" అంది. వెనకే వచ్చిన ఆంజినమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మట్టి ఎండకు వెచ్చగా ఉంది. కదిరప్ప ఒక అడుగు వేశాడు. ఆగి, వెక్కి వెక్కి ఏడ్చాడు. మళ్లీ ఇంకో అడుగు వేశాడు.

మేజరు రొప్పుతూ కట్ట దిగొచ్చాడు. "దెబ్బ తగిలిందా? భయపడొద్దు. రేపు ఇంకోసారి ఎగురుదాం."

"భయం ఉండాది సార్, యాడికీ పోలేదు" అన్నాడు కదిరప్ప, ముఖం తుడుచుకుంటూ. "రేపు మాత్రం కుదర్దు. ఆ పక్క సాళ్లు పెరికేది ఇంగా ఉండాది. మా ఆడోళ్లిద్దరే ఎంతని చేస్తారు?"

వంగి ఒక చెట్టు మొదలు పట్టుకుని లాగాడు. మట్టితో, కాయలతో ఊడొచ్చింది. ఆంజినమ్మ వచ్చి పక్క సాలు అందుకుంది.