రెస్ట్‌లో ఉన్న మనిషి

భర్త దావీదు పాత బనియన్‌తో తబిత కంప్యూటర్ తుడుస్తుండగా, తెర కుడి మూల నుంచి ఒక అమ్మాయి పైకి లేచి కన్ను కొట్టింది. ఒంటి మీద బట్ట ఉందనడానికీ లేదు, లేదనడానికీ లేదు. 'ఖరగ్‌పూర్‌లో నీ పక్క వీధిలోనే ఉన్నాను' అని కింద హిందీలో రాసి ఉంది. తబిత చేతిలోని బనియన్ ఆ అమ్మాయి మీద కప్పేసింది. వెనక, పడకగది గుమ్మంలో అత్త సుజాతమ్మ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. పోయిన నెలే శుక్లం తీయించుకున్న కన్ను. దానికిప్పుడు గోడ మీద చీమ కూడా ఇంటిపేరుతో సహా కనిపిస్తోంది.

పొద్దున్న పది. మధ్యాహ్నం మూడింటికి పరీక్ష.

కోల్‌కతాలో ఒక అనువాదాల కంపెనీ వాళ్లకు తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ రాయగల మనిషి కావాలట, ఇంట్లో కూర్చుని చేసే పనికి. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగు పిల్లకి మూడు భాషలు రావడం ఒక అర్హత అని నలభై ఆరేళ్లకు మొదటిసారి ఎవరో అన్నారు. ఇంతవరకు అవి కూరగాయల బేరానికీ, రైల్వే ఆసుపత్రి క్యూలో అత్తకి కుర్చీ అడగడానికీ పనికొచ్చాయి. పరీక్ష గంటసేపు. ఆ గంటా తబిత తన తెర అవతలివాళ్లకు చూపిస్తూ టైపు చెయ్యాలి. ఫోన్‌లో కుదరదు. ఇద్దరు కూర్చుని చూస్తారట. ఆ ఇద్దరి ముందూ ఈ పక్కవీధి అమ్మాయి లేచి కన్ను కొడితే ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి. మూడు భాషల్లో దేనిలోనూ మాట దొరకలేదు.

ఇలా అడక్కుండా ప్రకటనలు లేపే రోగం పేరు యాడ్‌వేర్ అట. యాడ వేరు పెట్టిందో తెలిస్తే పీకడానికి. నెల రోజులుగా పెరుగుతోంది. భయమేసినప్పుడు తబిత బుర్రలో మాటలు ఇలాగే విరిగి ఆడుకుంటాయి. బయటికి అనదు. ఆడది మాటలతో ఆడితే ఇంట్లో ఎవరికీ నవ్వు రాదని పెళ్లైన కొత్తలోనే తెలిసింది.

పోయిన ఆదివారం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. చర్చి సంఘపెద్ద తీతుగారు పాటల జాబితా టైపు చేయించుకోవడానికి వచ్చారు. ఆయనదీ, తబిత పాఠాలు చెప్పే స్కూల్లో హెడ్మాస్టరుదీ ఒకటే మాట. 'కూర్చుని నొక్కడమే కదమ్మా.' పిల్లల ప్రశ్నపత్రాలు, సంఘం లెక్కలు, దావీదు యూనియన్ వినతులు, అన్నీ కాస్త నొక్కడమే. వంటయ్యాక, అంట్లయ్యాక, మెడ నరం పీకుతుండగా కాస్త. ఆ రోజు పాట మూడో చరణంలో ఉండగా ఈ అమ్మాయి లేచింది. తీతుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. దావీదు టీ కప్పు పట్టుకుని గట్టిగా నవ్వాడు.

"మా ఆవిడ ఏటేటి సూస్తాదో మరి. మనం ఏది సూస్తే అదే సూపిస్తాది కంప్యూటరు. దానికి అన్నీ తెల్సు."

"ప్రార్థన సేసుకుందారి," అన్నారు తీతుగారు, తబిత వైపు చూడకుండా.

పాపప్ ఎవరిదైనా పాపం తబితది. ఆ రాత్రంతా తను ఏం చూసిందో వెతుక్కుంది. జాకెట్టు వెనక మెడ డిజైన్లు చూసింది, నిజమే. రెండుసార్లు చూసింది. ఆ రెండు మెడలకూ ఇంత శిక్ష ఉంటుందా అని మర్నాడు బ్లాక్‌బోర్డు మీద కూడికలు తప్పు వేసింది. చెయ్యని తప్పుని చేసినట్టు జ్ఞాపకం తెచ్చుకోవడానికి ఆడదానికి ఎంతోసేపు పట్టదు.

కంప్యూటర్‌లో ఏదైనా మార్చడానికి కావాల్సిన అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుదామంటే దావీదు ఎప్పుడో తేల్చేశాడు. "అడ్మిన్ అంటే గార్డు లాంటోడు. బండికి ఒకడే గార్డు." ఆయన గూడ్సు గార్డు. ఈమధ్య ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. బండిని ఆయన మేనేజ్ చేస్తాడు, ఆయన్ని తబిత మేనేజ్ చేస్తుంది, ఆ రెండోదానికి యూనిఫారం లేదు. ఇప్పుడాయన రాత్రి డ్యూటీ చేసి నిమ్‌పురా యార్డులో బండి అప్పగించి, ఏడింటికి వచ్చి, తిని పడుకున్నాడు. రెస్ట్‌లో ఉన్నాడు.

రెస్ట్ అంటే ఈ క్వార్టర్లలో నిద్ర కాదు, శాసనం. రెస్ట్‌లో ఉన్న మనిషిని లేపితే ఆ నిద్రమత్తు ఎక్కడో ఒక బండి మీద పడుతుందని సుజాతమ్మ నమ్మకం. మామగారూ గార్డే. యాభై ఏళ్లుగా ఆమె ఆ స్టూలు మీద పెదవులకు వేలు అడ్డం పెట్టుకుని మగవాళ్ల నిద్రకు కాపలా కాసింది. కుక్కర్ కూత వెయ్యకముందే గుడ్డతో పట్టుకుని ఆవిరి వదలడం తబిత పెళ్లైన వారంలో నేర్చుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో కుక్కర్ కూడా గట్టిగా ఊపిరి తీసుకోలేదు. లేపే హక్కు, డ్యూటీకి పిలవడానికి వచ్చే కాల్‌మేన్ ఒక్కడికే. పూర్వం సైకిల్ మీద కాల్ బుక్ పట్టుకొచ్చి, పేరు పిలిచి, సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఇప్పుడు ఫోన్ వస్తుంది.

తబిత వంటింట్లోకి పోయి స్కూల్లో కంప్యూటర్ టీచరు రాధారాణికి ఫోన్ చేసింది.

"ఎందుకక్కా గుసగుసలాడతన్నావు? దొంగతనం సేస్తన్నావేటి?"

"మీ బావగారు రెస్ట్‌లో ఉన్నారు. అది పోవాల రాధా, మూడింటి లోపల. కొట్టుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించీనా?"

"కొట్టించీకు. నీ ఫైళ్లన్నీ కొట్టుకుపోతాయి. సెప్పింది సెయ్యి. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లు అని ఉంటాది. ఎవలెవలికి అలౌ అన్నామో అక్కడ పేర్లుంటాయి. అన్నీ బ్లాక్ సెయ్యి. తరవాత ప్రోగ్రాముల లిస్టు తారీకుల్లెక్కన పెట్టు, నువ్వెరగనిది తీసెయ్యి. మద్దిలో 'నీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఇక్కడ నొక్కు' అని ఎర్రగా ఒకటి లేస్తాది. దాన్ని ముట్టుకోకు. దొంగోడే పోలీసు బట్టలేసుకుని వస్తాడన్నమాట. ఠీక్ హై?"

"ఠీక్ హై," అంది తబిత. చేతులు మాత్రం ఠీక్‌గా లేవు.

అలౌ జాబితాలో ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. లాటరీలు, బరువు తగ్గించే పొడులు, ఉచిత క్రికెట్, ఉచిత సినిమాలు. ఒక్కొక్కదాన్ని బ్లాక్ చేస్తుంటే తబితకు దావీదు కనిపించాడు. డ్యూటీ దిగి, టీ తాగుతూ, తెర మీద ఏది లేచినా ఠక్కున నొక్కే దావీదు. ఆయన తప్పూ కాదు మరి. ఇరవై ఆరేళ్లుగా ప్రతి స్టేషన్‌లో అవతలివాళ్లు పచ్చజెండా చూపిస్తే తనూ చూపించాలి. ఆల్‌రైట్ అంటే ఆల్‌రైట్. బదులు ఇవ్వకుండా స్టేషన్ దాటితే సంజాయిషీ. అలాంటి మనిషి ముందు పెట్టె ఒకటి లేచి 'అలౌ?' అంటే ఊరుకుంటాడా? ఆయన అలవాటే అలౌ. అనుమతి ఇచ్చింది ఆయన, అనుమానం పడింది ఈమె మీద.

కానీ నిరూపణ ఏది? జాబితాలో చేతి గుర్తులుండవు కదా.

పన్నెండున్నరకు అవన్నీ పోయాయి. ఒక్క నిమిషం తెర ఏ బొమ్మా లేకుండా వెలిగింది. రెండో నిమిషంలో ఆ అమ్మాయి లేచింది.

ఇక ప్రోగ్రాముల జాబితా. తను ఎరగనివి మూడు. ఉచితంగా ఫైళ్లు మార్చేది ఒకటి, ఉచితంగా క్రికెట్ చూపించేది ఒకటి, కంప్యూటర్‌ని 'వేగం' చేసేది ఒకటి. మూడూ ఒకే రోజు వచ్చాయి. ఒకటి అడిగితే తోకలా మిగతా రెండూ తగులుకుని వచ్చాయన్నమాట. తబిత మొదటిదాన్ని తీసెయ్యమంది. గది చీకటైనట్టు తెర మసకబారి మధ్యలో పెట్టె లేచింది. పేరు: దావీదు. పాస్‌వర్డ్?

తబిత ఆ పెట్టె వైపు చాలాసేపు చూసింది. భయం అలాగే ఉంది, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. తియ్యడానికి ఈ పాస్‌వర్డ్ కావాలి. అంటే పెట్టడానికీ కావాల్సి వచ్చి ఉంటుంది. అది తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కడు.

"ఏ తారీకు అది?"

సుజాతమ్మ వెనకే నిలబడి ఉంది. స్టూలు దిగి ఎప్పుడొచ్చిందో.

"పద్దెనిమిది, అత్తా."

"నా కన్ను కోసిన రోజు."

"అవును."

"తెల్లారగట్ల నుంచి రాత్రి దాకా నువ్వు ఆసుపత్రి బెంచీ మీదే ఉన్నావు. నీ మొగం ఒక్కపాలి సూసి, ఏటైనా తిన్నావా అని అడుగుదును గదా. కట్టు కట్టేసినారు." సుజాతమ్మ కొత్త కన్ను తెర మీద నుంచి కదల్లేదు. "తీతుగారొచ్చిన పూట నాను ఇక్కడే ఉన్నాను. నోరు మూసుకున్నాను. నాకూ అలాగే అనిపించింది మరి, నువ్వే ఏటో సూస్తన్నావని."

గడియారం ఒంటిగంటా యాభై చూపిస్తోంది.

"లేపాల, అత్తా."

ముసలామె వేలు అలవాటుగా పెదవుల మీదికి పోయింది. అక్కడ కాసేపు ఆగింది. తరవాత దిగింది. సుజాతమ్మ స్టూలు ఎత్తి గుమ్మానికి పక్కగా పెట్టింది.

తబిత స్కూలు రిజిస్టర్ తెరిచి స్కేలుతో నాలుగు గీతలు గీసింది. పేరు, పిలిచిన టైము, హాజరవ్వాల్సిన టైము, సంతకం. మంచం పక్కన నిలబడి, చిన్నప్పుడు వీధిలో విన్న కాల్‌మేన్ గొంతుతో పిలిచింది.

"గార్డ్ దావీదు. కాల్."

దావీదు కళ్లు తెరవకముందే లేచి కూర్చున్నాడు. పెన్ను అందుకుని సంతకం పెట్టేశాడు.

"ఏ బండి?"

"ఇంటి బండి. లేవండి. మూడింటికి నా డ్యూటీ."

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాక గానీ ఆయనకు భార్యను గుర్తుపట్టేంత మెలకువ రాలేదు. "ఏటి నొక్కినావు?" అన్నాడు.

"నానేటీ నొక్కలేదు. ఇవి తీసెయ్యడానికి మీ పాస్‌వర్డ్ అడుగుతంది. పెట్టిన రోజూ అడిగే ఉంటాది. పద్దెనిమిదో తారీకు. ఆ రోజు అత్తా నానూ ఆసుపత్రిలో ఉన్నాం."

దావీదు తల్లి వైపు చూశాడు. తల్లి ఆయన వైపే చూస్తోంది, రెండు కళ్లతో.

"క్రికెట్ సూద్దామని..." అన్నాడు. "అది నెక్స్ట్ అంది, నాను నెక్స్ట్ అన్నాను. అది ఓకే అంది, ఓకే అన్నాను. అడిగినోడికి బదులియ్యాల గదా."

"నన్నెవరూ అడగలేదు," అంది తబిత. "తీతుగారి ముందు మీరే సెప్పేసినారు. ఆదివారం మళ్లీ మీరే సెప్పండి."

దావీదు పాస్‌వర్డ్ కొట్టాడు. ఒకటి పోయింది. మళ్లీ కొట్టాడు. రెండోది. మూడోది. తబిత ఇంకో పేజీ తెరిచింది. కొత్త ఖాతా, పేరు తబిత, రకం అడ్మినిస్ట్రేటర్. తెర మసకబారి, పెట్టె లేచి, ఈ మార్పుకి ఒప్పుకుంటారా అని దావీదుని అడిగింది. దావీదు ఆవులిస్తూ పాస్‌వర్డ్ కొట్టి ఎస్ నొక్కాడు. ఆల్‌రైట్.

ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లాక, తబిత తన పేరుతో లోపలికి వెళ్లి ఆయన ఖాతాని మామూలు ఖాతా చేసింది. ఇరవై రెండేళ్లలో ఆయన్ని అడగకుండా తను మార్చినవి దిండు గలేబులే.

మూడింటికి తెర మీద ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. "దిది, స్క్రీన్‌టా షేర్ కొరున్," అంది పెద్దావిడ. తబిత షేర్ నొక్కింది. గంటసేపు ఆమె ఒక కన్ను అక్షరాల మీద, ఒక కన్ను కుడి మూల మీద ఉన్నాయి. చెమట మోచేతుల దాకా దిగింది. ఒకసారి మూలన ఏదో కదిలినట్టైంది. గడియారంలో నిమిషం మారింది, అంతే. చివరి వాక్యం కొట్టేసరికి నాలుగైంది. "ఖూబ్ భాలో," అంది పెద్దావిడ మెచ్చుకోలుగా. "సోమవారం కబురు చేస్తాం."

సోమవారం ఏం చెబుతారో తెలీదు. తబిత కంప్యూటర్ మీద గుడ్డ కప్పలేదు. పట్టపగలు, నాలుగుంబావుకి, అంట్లు అంట్లుగానే ఉండగా, పడకగదిలోకి పోయి పడుకుంది. నిద్ర రాలేదు. కళ్లు మాత్రం మూసుకుంది.

బయట కుర్చీ జరిగిన చప్పుడు. దావీదు కంప్యూటర్‌లో ఏదో దింపుకుంటున్నట్టున్నాడు. తరవాత ఆయన గొంతు. "ఇదేటి, దీని పేరు అడుగుతంది?" అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. "తబితా, పాస్‌వర్డ్ ఏటి?"

స్టూలు గుమ్మంలోకి జరిగింది.

"ష్," అంది సుజాతమ్మ. "లేపకు. మనిషి రెస్ట్‌లో ఉంది."

"అమ్మా, ఒక్క నిమిషం..."

"పొయ్యి మీద కుక్కర్ పెట్టినాను. నీ పాత బనీను అక్కడే ఉంది. కూత ఎయ్యకముందే పట్టుకో, పో."