ఆగిపోయిన తర్వాత

"ఆదివారం కూడా కణాలకి మేత పెట్టాలా?" అంటారు మా ఆయన, తిన్న కంచం సింకులో కూడా వెయ్యకుండా. ఆయనకదో పెద్ద జోకు. ఇంటికెవరొచ్చినా వినిపిస్తారు. ఇవాళా వినిపించారు. నేను గిన్నెలు తోముతున్నానే గానీ మనసు ఒక్కచోట నిలవడం లేదు. మధ్యాహ్నం డాక్టర్ల సభ. ఏళ్ల తరబడి నేను చేసిన పని గురించి మా ల్యాబు సార్ మాట్లాడతారు. "మీకు ఇంటి బాధ్యతలుంటాయి కదమ్మా, మీకెందుకు శ్రమ" అన్నారు ఎంతో దయగా. ఆ దయకి ఒళ్లు మండింది. అయినా "సరే సార్" అన్నాను. దిక్కుమాలిన మాట, ఎప్పుడూ నోట్లో సిద్ధంగా ఉంటుంది.

క్యాన్సర్ కణాల మీద మందు పోస్తే కొన్ని చస్తాయి. కొన్ని చావవు. పెరగడం మానేసి, వెడల్పుగా పరుచుకుని కూర్చుంటాయి. రంగు వేస్తే నీలంగా కనబడతాయి. పెరగడం ఆగిందంటే మందు గెలిచినట్టేనని మా ల్యాబులో లెక్క, ఆ సీసాలు పారేస్తారు. నాకెందుకో చేతులు రాలేదు. సెలవులన్నీ తగలేసి వాటికి పోషక ద్రవం మారుస్తూ వచ్చాను. వారాలు గడిచాక తెలిసింది, అవి ఊరికే కూర్చోలేదని. ఏవేవో పదార్థాలు వదులుతున్నాయి. ఆ ద్రవం తీసి వేరే సీసాలో పోస్తే అక్కడి క్యాన్సర్ కణాలు రెచ్చిపోయి పెరిగాయి. ఆ ఫొటోలు చూసి సార్ చాలాసేపు గడ్డం గోక్కున్నారు. నిన్న ఫోన్ చేసి ఇవాళ్టి ప్రసంగంలోంచి వాటిని తీసెయ్యమన్నారు. మందు పనిచేసిందన్నంతవరకు చెబితే చాలట, వచ్చినవాళ్లని గందరగోళపెట్టడం దేనికట.

మా అత్తయ్యకి రొమ్ము క్యాన్సర్. మందులు వాడటం ఈమధ్యే పూర్తయింది. గడ్డ పెరగడం ఆగిపోయిందని డాక్టరుగారు చెప్పగానే మా ఆయన ఊపిరి పీల్చుకుని, ఇక ఆస్పత్రుల చుట్టూ తిరగక్కర్లేదంటూ తర్వాతి పరీక్ష రద్దు చేయించారు. నేను నోరు విప్పబోతే ఇంట్లో కూడా లెక్చర్లేనా అన్నారు.

నాది సీసాలు కడిగే ఉద్యోగమని చుట్టాలందరికీ చెప్పిన ఆ అత్తయ్యే వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఒక మాటడుగుతాను. ఆగిపోయిందంటే పోయినట్టేనా?"

నా పని గురించి ఈ ఇంట్లో ఎవరైనా ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలు. మా ఆయన పేపరు దించి, అవునని చెప్పమన్నట్టు కళ్లతో సైగ చేశారు.

"కాదత్తయ్యా. ఆగినవి లోపలే ఉండిపోవచ్చు, పక్కవాటిని ఎగదోయనూ వచ్చు. మీ ఒంట్లో ఏమవుతుందో నాకు తెలీదు. అందుకే పరీక్షలు మానకూడదు."

"పెద్దావిణ్ణి ఎందుకలా భయపెడతావు?" అన్నారాయన.

"దాన్ని చెప్పనీరా," అంది అత్తయ్య. "ఒళ్లు నాది."

చేతులు తుడుచుకుని సార్‌కి ఫోన్ చేశాను. ఆ ఫొటోలు ఉంటాయని, మాట్లాడేది నేనేనని చెప్పాను. సార్ ఇంకా ఏదో అంటుండగానే, సభకి మీరూ వస్తారా అని అడుగుదామని అత్తయ్య వైపు తిరిగాను.

ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.